గోడకు మొగమాటం లేదు

కర్నూలుకు బదిలీ అయి వచ్చాక మా వీధి చివరి హాల్లో జరిగే యోగా క్లాసులో చేరాను. మొదటి రోజే, నేర్పే అమ్మాయి మమ్మల్నందరినీ తాడాసనంలో నిలబెట్టి వరుసల మధ్య తిరగసాగింది. ఒకరి భుజాలు కిందికి నొక్కింది. ఒకరి గడ్డం లోపలికి తోసింది. నా ముందున్నావిడ పొట్టను ఏం చేయాలో తెలియక, పాపం, అలాగే వదిలేసింది. నా దగ్గరికి వచ్చి చుట్టూ ఒకసారి తిరిగింది. మడమలు చూసింది, మెడ చూసింది. ఎక్కడా చెయ్యి వేయలేదు.

"ఇంతకు ముందు ఎక్కడ నేర్చుకున్నారు మేడం?" అంది.

"మైదుకూరులో. మా ఎదురింటి పెద్దమ్మ దగ్గర."

"ఆమె యోగా టీచరా?"

"కాదు. పసుపు పండించేది."

"మరి ఆమెకు ఎవరు నేర్పారు?"

"గోడ," అన్నాను.

ఆ అమ్మాయి తమాషాకు అన్నాననుకుని నవ్వి పక్కావిడ దగ్గరికి వెళ్ళింది. నేను తమాషాకు అనలేదు. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా దారిలో నా మెడ కొంచెం కూడా వాలలేదు. ఆ గర్వం నాది కాదు, ఆమెది. నా దగ్గర వదిలి వెళ్ళింది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ చుట్టుపక్కల సగంమంది ఆడవాళ్ళకు ఉన్న పేరే ఆమెదీ, రాసినా మీకు ఆమె కనిపించదు. ఎలా నిలబడేదో చెబితే కనిపిస్తుంది.

మైదుకూరులో బడికి దగ్గరగా నేను ఇల్లు అద్దెకు తీసుకునేటప్పటికి ఆమె అరవై దాటిన మనిషి. పొట్టిది. కానీ ఆ సంగతి ఆమె పక్కకు తప్పుకున్నాక గుర్తొచ్చేది తప్ప, ఎదురుగా ఉన్నంతసేపూ తట్టేది కాదు. ఎదురింటి ముందు పొడుగాటి వసారా, నున్నటి నల్ల కడప బండలు పరిచింది. ఆ వసారా చివర గిన్నెలు కడుక్కునే జాలారి. మా గడపలో నిలబడితే అదంతా కనిపిస్తుంది. తెల్లవారి నేను నోట్లో బ్రష్షు పెట్టుకుని బయటికి వచ్చేసరికి ఆమె గోడకు వీపానించి నిలబడి ఉండేది. పుస్తకం మరిచిపోయి వచ్చినందుకు టీచరు నిలబెట్టిన పిల్ల మాదిరి. నేనూ టీచరునే కాబట్టి కొన్నాళ్ళు ఓపిక పట్టాను. ఆ పైన ఉండబట్టలేక అడిగాను.

"ఏం పెద్దమ్మా, ఎవురు నిలబెట్టినారు నిన్ను ఆ గోడకు?"

"నేనే నిలబెట్టుకున్నా. నువ్వు గూడా రా, నిలబడు. నువ్వు బడికి పోతాంటే ఎనక నుంచి చూడలేక సచ్చిపోతాండా. వీపంటే అట్లనా ఉండేది?"

మా మొదటి పరిచయం అది. వీపు చూసి మనుషులను లెక్కగట్టడం ఆమెకు అలవాటు. ఓట్లడగడానికి వచ్చినాయన దణ్ణం పెట్టి వెళ్ళిపోగానే, "మెడ చూసినావా పాపా, బయానా ఇచ్చిన కోడి మెడ. ఇట్లాయన మనకేం నిలబడతాడు?" అనేది. వాళ్ళ చర్చిలో అయ్యగారి గురించి అడిగితే, "ప్రసంగం శానా బాగ చెప్తాడు. ఒంటి కాలి మీద బరువేసి చెప్తాడు, అదే నాకు పడదు" అనేది. ఇక వాళ్ళాయన, నేను పెద్దనాయనా అని పిలిచే మనిషి, వాలు కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే ఆయన వీపు గురించి అనని మాట లేదు. ఆయన పేపరు కొంచెం పైకెత్తి ముఖం దాచుకునేవాడు.

అసలు ఆమె ఈ ఆసనాల జోలికి పోయింది ఆరోగ్యం కోసం కాదు. సంగటి కట్టె కోసం.

వాళ్ళది తాతల కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం. పంటలు ఇంటికి వచ్చాక ఏటా అక్కడ కోత పండుగ చేస్తారు. పండిన దాంట్లో ఇంత తెచ్చి దేవుని ముందు పెడతారు, ఆరాధన అయ్యాక అందరూ కలిసి భోంచేస్తారు. ఆ భోజనంలో రాగి సంగటి ఉండాల్సిందే. పెద్ద డేక్సాలో నూకలు ఉడికించి, రాగిపిండి పోసి, ఉడికాక దించి, ఇద్దరు మనుషులు గోనెపట్టలతో డేక్సాను కదలకుండా పట్టుకుంటే, ఒకరు నిలబడి రెండు చేతులా కట్టె పట్టుకుని గెలకాలి. ఉండలు కట్టకూడదు, అడుగున పిండి మిగలకూడదు. అన్నం ఎవరైనా వండుతారు. అంత సంగటి గెలకడానికి మాత్రం నడుముండాలి. ఆ కట్టె ఆమె అత్త చేతిలో నుంచి ఆమె చేతిలోకి వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు దాన్ని ఇంకొకరు ముట్టింది లేదు.

నేను ఆ ఊరికి రాకముందు, చేలో గడ్డిమోపు దించుకుంటూ ఆమె నడుము పట్టేసింది. కడపకు తీసుకుపోయి చూపించారు. డాక్టరు బెల్టు ఇచ్చి, వంగొద్దన్నాడు, బరువు ముట్టొద్దన్నాడు. ఆ ఏడు కోత పండుగకు ఆమెకొక కుర్చీ వేసి, ఒళ్ళో పళ్లెం పెట్టి, ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, ఒలవమన్నారు. ఆ కుర్చీ గురించి చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి. కన్నీళ్ళు కావు, కోపం. సంగటిని నలుగురు మగవాళ్ళు మార్చి మార్చి గెలికారట.

"సంగటా పాపా అది? బెల్లం లేని రాగుండలు. అందరూ మింగలేక మింగినారు. కట్టె తిప్పేదానికి చేతులుంటే చాలనుకున్నారు."

దాంతో సంఘం పెద్ద ఒకాయన, వచ్చే ఏటి నుంచి సంగటి తీసేద్దాం, ఉత్త అన్నం పెడదాం అన్నాడు. ఆమె కుర్చీలో నుంచి లేచి, బెల్టుతోనే నిలబడి, "వచ్చే పండక్కు నేనే గెలుకుతా. నా చేత కాకపోతే అప్పుడు తీసేయండి" అని అందరి ముందూ చెప్పేసింది. అంటే ఆమె నడుము మీద ఆ ఊరి చర్చి సంగటి అంతా నిలబడింది. ఆమె లేచి నిలబడితే సంగటి ఉంటుంది, లేకపోతే ఆమెతోనే పోతుంది.

నొప్పి తగ్గాక మళ్ళీ కడపకు పోయి, ఆసనాలు చేయొచ్చా అని అడిగింది. చేయొచ్చమ్మా, కానీ సరిగ్గా చేయాలి, తప్పుగా చేస్తే అసలు చేయకపోవడమే మేలు అన్నాడట డాక్టరు. అదీ చిక్కు. సరిగ్గా చేస్తున్నామో లేదో చూసి చెప్పేవాళ్ళు ఎవరు? ఫోనులో నేర్పే మనిషికి ఈమె కనిపించదు. ఇంట్లో ఉన్నది పెద్దనాయన.

"ఆయన్ను అడిగితే అన్నీ బాగుండాయంటాడు. కూరలో ఉప్పు లేకపోయినా బాగుండాదనే మనిషి. మనిషికి మొగమాటం ఉంటాది పాపా. గోడకు మొగమాటం లేదు. మడమ తగలకుంటే తగల్లేదనే చెప్తాది. గూడలు తగలకుంటే తగల్లేదనే చెప్తాది. దాన్ని ఎంత బతిమాలినా అంతే."

నన్ను కూడా ఆ గోడకు నిలబెట్టింది. మడమలు, పిరుదులు, వీపు గూడలు, తల వెనక. అన్నీ ఆనించమంటే నాకు తల ఆనలేదు. ఆనించబోతే గడ్డం ఆకాశంలోకి లేచింది. ఇన్నేళ్ళూ నేను నిటారుగా నడుస్తున్నానని అనుకుంటూ ఉన్నాను. ఆమె పకపకా నవ్వింది. నవ్వినంతసేపు నవ్వి, తన నడుముకూ గోడకూ మధ్య అరచెయ్యి దూర్చి చూపించింది. చెయ్యి సరిగ్గా పట్టాలి, పిడికిలి పట్టకూడదు. పిడికిలి పడితే నడుము లోపలికి విరిచినట్టు.

ఫోను విషయంలో ఆమెకొక పద్ధతి ఉండేది. చూస్తూ చేయదు, చేస్తూ చూడదు. ముందు కాఫీ తాగుతూ వీడియో మొత్తం చూస్తుంది. ఆపి, మళ్ళీ చూస్తుంది. తర్వాత ఫోను లోపల పెట్టేసి వచ్చి మొదలుపెడుతుంది. "ఫోను చూసేదానికి మెడ తిప్పితిమా, ఆ ఆసనం ఆడికే చెడిపాయ" అనేది. పాదాలు ఎంత దూరం ఉండాలో, ఎటు తిరగాలో బండల సందులు చూసి పెట్టుకునేది. పిల్లి మాదిరి మోకాళ్ళ మీద, చేతుల మీద నిలబడినప్పుడు నడుము మీద చెంబు పెట్టించుకునేది. చెంబు పెట్టడం మాత్రం పెద్దనాయన పని. నీళ్ళు ఒలికితే నడుము ఒక పక్కకు పోయిందని లెక్క. ఒలికితే ఆమె వీపు తుడవాలి, కింద బండలు తుడవాలి, ఎట్లయినా తనకే చాకిరీ అని ఆయన గొణిగేవాడు.

ఇక వంగడం. కిందికి వంగేటప్పుడు వీపు గుండ్రమవుతోందా, తుంటి దగ్గర మడత పడుతోందా అని చూసుకోవడానికి ఆమె సంగటి కట్టెనే వీపుకు నిలువునా పట్టుకునేది. తలకు తగలాలి, వీపుకు తగలాలి, తోకెముకకు తగలాలి. వంగి లేచేదాకా ఆ మూడూ వదలకూడదు. కట్టె వదిలిందంటే అక్కడితో ఆపి, మళ్ళీ మొదటి నుంచి. ఎన్నో ఏళ్ళ సంగట్లు గెలికి నునుపెక్కిన కట్టె అది. పొయ్యి దగ్గర ఉండాల్సిన దానికి ఏమిటీ ఉద్యోగం అంటే, "దాని కోసమే గదా ఈ పాట్లు. దానికి గూడా తెలియల్ల" అంది.

ఒక రోజు నన్ను కళ్ళు మూసుకుని నిలబడమంది. పాదాలు నేరుగా పెట్టమంది. పెట్టాను. ఇప్పుడు తెరిచి బండల సందు చూసుకోమంది. నా కుడి పాదం పక్క బండ వైపు చూస్తోంది.

"ఒళ్ళు అబద్ధాలకోరు పాపా. ఏది అలవాటో అదే నేరు అంటాది. ఒంటిగా నేర్చుకునేవాళ్ళు దాని మాట వినకూడదు. కండ్లు మూసి చేయి, తెరిచి చూసుకో. మూసినప్పుడు అనుకున్నదీ, తెరిచినప్పుడు కనపడిందీ ఒకటయ్యేదాకా చేయి."

చర్చిలో ఒకరిద్దరు ఆడవాళ్ళు ఈ ఆసనాలు మనవేనా, మనం చేయొచ్చా అని సందేహం పడ్డారు. ఆమె వాదానికి దిగలేదు. "నడుము ఇచ్చింది ఆయనే గదమ్మా. ఇచ్చిందాన్ని నిలబెట్టుకుంటే ఆయనకు కోపం ఏంటికి వస్తాది?" అని అడిగింది. అడిగి, సూర్య నమస్కారాలు మాత్రం పక్కన పెట్టింది, ఎవరి మనసూ నొప్పించడం ఎందుకని. శవాసనం కూడా చేసేది కాదు. దానికి కారణం వేరే. "ఆ ఒక్కటీ నేర్చుకునే పనిల్యా. రోజు వస్తే అదే వస్తాది."

ఇంతవరకు వింటే ఆమె అన్నీ తెలిసిన మనిషి అనుకుంటారు. తానూ అట్లాగే అనుకుంది. అదే కొంప ముంచింది.

మా బడిలో యోగా దినం జరిపేటప్పుడు హెడ్మాస్టరును అడిగి నేనే ఆమెను పిలిపించాను. ఎవరో వచ్చి ఉపన్యాసం ఇవ్వడం కంటే ఆమె వచ్చి నిలబడటం మేలనిపించింది. చుట్టుపక్కల వాళ్ళు కూడా వచ్చారు, చర్చివాళ్ళు కూడా ఉన్నారు. ఆమె ఇస్త్రీ చీర కొంగు నడుముకు బిగించి, కొత్తగా వేసిన సిమెంటు అరుగు ఎక్కింది. పిల్లలకు గోడ సంగతి, కట్టె సంగతి చెప్పి నవ్వించింది. తర్వాత వృక్షాసనం చూపిస్తానని ఒక కాలు ఎత్తి పాదాన్ని రెండో తొడకు ఆనించి, చేతులు పైకి జోడించింది. వాళ్ళ వసారాలో ఆమె అట్లా నిలబడితే నేను స్నానం చేసి వచ్చేదాకా నిలబడగలదు. ఇక్కడ చేతులు పైకి పోయీ పోకముందే ఒక పక్కకు ఒరిగిపోయింది. డ్రిల్లు మాస్టరు గబుక్కున మోచెయ్యి పట్టుకోకపోతే కింద పడేదే. రెండోసారి ప్రయత్నించింది. మళ్ళీ అదే పక్కకు ఒరిగింది.

పిల్లలు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సంగటి తీసేద్దామన్న సంఘం పెద్ద ముందుకొచ్చి, "ఇంక చాలు కూర్చోమ్మా. వయసు మీద పడినాక మనం ఎంత అనుకున్నా..." అని ఆ మాట పూర్తి చేయకుండానే కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు. చెప్పులేసుకుని ఇంటికి నడిచింది. నేను పక్కనే నడిచాను. గడప దగ్గర ఆగి, "గోడ గూడా మొగమాటానికే చెప్పినాదా పాపా నాకు?" అంది. కోత పండుగకు ఇంక కొన్ని నెలలే ఉన్నాయి. నేల మీద ఒంటికాలితో నిలవలేని మనిషి డేక్సా ముందు ఏం నిలబడుతుంది?

ఆ తర్వాత వసారాలో ఎవరూ కనిపించలేదు. గోడ ఖాళీగా ఉండేది. సంగటి కట్టె కూడా పొయ్యింటి మూలకు వెళ్ళిపోయింది. పెద్దనాయన ఒక్కడే పేపరు చదువుకుంటూ, చదవకుండానే పేజీలు తిప్పుతూ ఉండేవాడు.

ఆదివారం పొద్దున, చర్చికి పోయే ముందు ఆమె వసారా కడుగుతోంది. నేను మా గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. బిందెడు నీళ్ళు గోడ వారగా కుమ్మరించింది. చీపురు పట్టుకుని వంగబోయి, వంగకుండా ఆగింది. నీళ్ళను చూస్తూ నిలబడిపోయింది. చీపురు పడేసి ఇంకొక బిందె తెచ్చి కుమ్మరించింది. ఆ నీళ్ళు ఎవరూ తోయకుండానే బండల మీద జారుకుంటూ వసారా పొడుగునా పోయి జాలారిలో పడ్డాయి.

"పాపా! బిరీన రా! ఈడికి రా!"

చిక్కుడుకాయలు చెల్లాచెదురు చేసి పరుగెత్తాను. ఆమె తడి బండల మీద, తాను రోజూ నిలబడే చోట, గోడకు వీపానించి నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, "కాళ్ళు చూడు నావి" అంది.

చూశాను. నీళ్ళు ఆమె కుడి పాదం తడిపి, ఎడమ పాదం తడిపి, జాలారి వైపు పోతున్నాయి. అంటే కుడి పాదం మెరక మీద ఉంది, ఎడమ పాదం పల్లంలో ఉంది.

"వాటం! వసారాకు వాటం ఉండాది గదే! ఇన్ని రోజులూ నేను ఏటవాలులో నిలబడి నేర్చుకున్నా. ఆ వాటానికి సరిపోయేట్టు ఒళ్ళు ఒరిగింది. బడిలో నేల సమంగా ఉండేతలికి అదే ఒరుగు తీసకపోయి చూపించినా!"

మా ప్రాంతంలో వాటం లేని వసారా ఉండదు. కడిగిన నీళ్ళు నిలవకుండా జాలారికి పోవాలని బేల్దారి మేస్త్రీ బండలు పరిచేటప్పుడే కొంచెం వాలు పెడతాడు. చూపుకు అందనంత వాలు. చిన్నప్పటినుంచీ అలాంటి బండల మీదే నడిచాం, పండుకున్నాం, తిన్నాం. అది వాలు అని మాకెవరికీ తట్టదు. గోడ ముందుకు ఒరిగామో వెనక్కు ఒరిగామో చెప్పింది కానీ, పక్కకు ఒరిగిన సంగతి చెప్పడం దాని వల్ల అయ్యే పని కాదు.

ఈ అరుపులకు పెద్దనాయన పేపరు మడిచి లేచి వచ్చాడు. బండలను చూశాడు, జాలారిని చూశాడు, భార్యను చూశాడు.

"బండలు పరిచేనాడు బేల్దారి నెత్తిన నిలబడి, వాటం బాగ పెట్టప్పా, చుక్క నిలవగూడదు అని చెప్పింది ఎవరు?"

"నేనే!" అంది ఆమె. అంత సంతోషంగా తప్పు ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"ఇన్నాళ్ళూ నా వీపు వంకర అంటాంటివి. వంకర ఇంటికే ఉండాదన్నమాట," అని ఆయన తన జీవితంలో మొదటిసారి నా ఎదుట గట్టిగా నవ్వాడు.

ఇక ఆ రోజు చర్చికి ఆలస్యంగా పోయారు. పళ్లెంలో అంచు దాకా నీళ్ళు పోసి ఇల్లంతా తిరిగాం. ఎక్కడ పెట్టినా ఒక అంచుకు నీళ్ళు ఎక్కుతాయి, ఇంకో అంచు బయటపడుతుంది. మిద్దె మీద కూడా వాన నీళ్ళ కోసం వాటమే. చివరికి లోపలి గదిలో మంచం జరిపి చూస్తే, అక్కడ నీళ్ళు అన్ని అంచులకూ ఒకే మాదిరి నిలిచాయి. ఆ గదిలో నీళ్ళతో పని లేదని మేస్త్రీ వాలు పెట్టలేదు. ఆ మధ్యాహ్నమే మంచం వసారాలోకి వచ్చింది, పెద్దనాయన దాంతోపాటు వచ్చాడు. లోపల ఆమె ద్వారబంధానికి దారం కట్టి, కింద బరువుకు తాళం చెవుల గుత్తి వేలాడదీసింది. ఆ దారం ఎదుట నిలబడి, ముక్కు, బొడ్డు, రెండు మడమల సందు దాని వరుసలో ఉన్నాయా అని నన్ను చూడమనేది. నాకు మొగమాటం ఉండకూడదని మొదటే ఒట్టు వేయించుకుంది. మొదట్లో సమంగా నిలబెడితే, "ఒరిగిపోతాండా, పడిపోతా" అని అరిచేది. ఆమె ఒళ్ళు అంతగా ఆ వాలును నమ్మింది. పాతది వదిలించుకోవడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టమని నేను ఆమెను చూసి తెలుసుకున్నాను. కానీ పట్టు విడిచే మనిషి కాదు.

కోత పండుగ నాడు నన్ను కూడా పిలిచింది. భోజనానికి అనుకుని పోయాను. చర్చి వెనక సిమెంటు చేసిన జాగాలో డేక్సా దించి ఉంది. నా చేతికి గోనెపట్ట ఇచ్చి, "ఈ పక్క నువ్వు పట్టుకో. నా కాళ్ళు చూస్తాండు, డేక్సా చూడొద్దు" అంది. రెండో పక్క పట్టుకున్నది పెద్దనాయన. చుట్టూ జనం. ఆ సంఘం పెద్ద కూడా ఉన్నాడు. అన్నం డేక్సా పక్కనే సిద్ధంగా ఉంది, సంగటి చెడితే ఆదుకోవడానికి.

ఆమె కట్టె ముంచలేదు ముందు. పాదాలు ఎడంగా పెట్టి, కళ్ళు మూసుకుంది. తెరిచి కాళ్ళు చూసుకుంది. నా వైపు చూసింది. నేను తలూపాను. అప్పుడు ముంచింది.

అట్లా గెలకడం నేను అంతకు ముందు చూడలేదు. చేతులతో కాదు. మోకాళ్ళు కొంచెం సడలించి, తుంటి దగ్గర ముందుకు మడిచి, వీపు కట్టె మాదిరి నిలిపి, పాదాల నుంచి బలం తెచ్చి కట్టెను తోసింది. లాగేటప్పుడు వెనక్కు ఒరగలేదు. ఆవిరి ముఖానికి కొడుతున్నా మెడ వంచలేదు. డేక్సా నా పట్టులో గింగిరాలు తిరగబోయింది, నాకే చేతులు లాగాయి. ఆమె పాదాలు మాత్రం పెట్టిన చోటి నుంచి కదల్లేదు. పిండి, నూకలు కలిసి, బరువెక్కి, అంచులు వదిలి, నున్నగా ఒక్క ముద్దయింది. ఆమె కట్టె పైకి తీసి, తడి చేత్తో దాని కొనకు అంటిన సంగటి తీసుకుని నోట్లో వేసుకుంది.

"ఉండలుంటే చెప్పండి," అంది.

ముద్దలు చేసే ఆడవాళ్ళు నీళ్ళల్లో చేతులు తడుపుకుంటూ ముందుకు వచ్చారు. ఆమెకోసం ఎవరో కుర్చీ తెచ్చారు. దాన్ని తానే ఎత్తి సంఘం పెద్ద దగ్గరికి తీసుకుపోయి, "కూర్చోండప్పా. శానాసేపటి నుంచి నిలబడుకోని ఉండారు" అంది. ఆయన కూడా నవ్వేసి కూర్చున్నాడు. అన్నం డేక్సాలో అన్నం మిగిలిపోయింది, సంగటి మిగల్లేదు. నాకు ఆ రోజు ఎంత గర్వమేసిందంటే, ఆమె నా కన్నతల్లి అయినా అంతకంటే ఎక్కువ గర్వపడేదాన్ని కాదేమో. డేక్సా పట్టుకున్నది నేనే అని బడిలో పిల్లలందరికీ చెప్పాను.

ఆ తర్వాత నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఏటా ఆమే గెలికింది. నాకు కర్నూలు బదిలీ అయినప్పుడు ఆమె బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడింది. ఏడవలేదు. కిటికీలో నుంచి తల బయట పెడితే, "మెడ లోపల పెట్టు. కర్నూలు దాకా గూనిగా కూర్చోవద్దు" అంది.

పోయిన చలికాలంలో పెద్దనాయన ఫోను చేశాడు. ఆమె పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, ఛాతీలో పట్టినట్టుందని అంతలోనే పోయిందట. నేను మైదుకూరు చేరేసరికి వసారా నిండా జనం. అందరికీ కనిపించాలని, మా వైపు ఆనవాయితీ ప్రకారం, ఆమెను వసారాలోనే మంచం మీద పడుకోబెట్టారు. తెల్ల చీర కట్టి, పూలు పెట్టారు. చర్చివాళ్ళు మెల్లగా పాట పాడుతున్నారు. పెద్దనాయన గోడకు వీపానించి నిలబడి ఉన్నాడు. తల, గూడలు, మడమలు అన్నీ గోడకు తగిలి ఉన్నాయి. నన్ను చూడగానే పాట పాడేవాళ్ళను దాటుకుని వచ్చాడు.

"పాపా, వీళ్ళకు చెప్తే అర్థం కాల్యా. ఈడ వాటం ఉండాది గదా. ఆయమ్మకు పడదు."

నేను ఇంక ఆగలేక ఏడ్చేశాను. ఆయన ఏడవలేదు. పెరట్లోకి పోయి పగిలిన కడప బండ పెళ్ళలు ఏరుకొచ్చాడు. నలుగురిని మంచం ఎత్తమని, జాలారి వైపు ఉన్న రెండు కోళ్ళ కింద ఒకటి పెట్టి చూశాడు, తీసి ఇంకొకటి పెట్టాడు. ఏం చేస్తున్నాడో తెలియక పాడేవాళ్ళు పాట ఆపేశారు. ఆయన పళ్లెంలో అంచు దాకా నీళ్ళు పోసి తెచ్చి, ఆమె పాదాల పక్కన పరుపు మీద పెట్టాడు.

"చూసి చెప్పు. మొగమాటం వద్దు."

కొంగుతో కళ్ళు తుడుచుకుని వంగి చూశాను. ఒక అంచున నీళ్ళు రవ్వంత ఎక్కువగా ఉన్నాయి. "ఇంకా రోంత ఎత్తల్ల పెద్దనాయనా," అన్నాను. ఆయన ఒక పలచటి పెళ్ళ దూర్చాడు. మళ్ళీ చూశాను. నీళ్ళు అన్ని అంచులకూ ఒకే మాదిరి నిలిచాయి.

"సమంగా ఉండాది," అన్నాను.

ఆయన పళ్లెం తీసి నా చేతికిచ్చాడు. నేర్చుకునే పనిల్యా అని ఆమె వదిలేసిన ఆసనం అదొక్కటే. దాన్ని కూడా ఆయన వంకరగా వేయనివ్వలేదు.